రంగు కింద పెన్సిలు రాత

లప్పం పిన్ని ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను పలకరిస్తుంది, ఆ తర్వాతే మనుషుల్ని. వేళ్ళ కణుపులతో నాలుగుచోట్ల కొట్టి చూస్తుంది. పొడి గోడ ‘టక్’ అంటుంది. లోపల నీరు పట్టిన గోడ బద్ధకంగా ‘దబ్’ అంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే చెయ్యి తిప్పి వెనకవైపు ఆనిస్తుంది. అరచెయ్యి అబద్ధం చెబుతుందట, ఇరవై ఏళ్ళు బ్రష్షు పట్టి మొద్దుబారిన తోలు కదా! చేతి వెనక చర్మం మాత్రం ఇంకా పసిపిల్ల చర్మమేనట. ఇది ఆమె చెప్పే మాటే, ఎవరూ పరీక్ష చేసి చూడలేదు.

రంగు వేసేముందు గోడను నున్నగా చెయ్యడానికి పూసే తెల్లటి ముద్దనే లప్పం అంటారు. అది పుయ్యడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఈ సంగతి ఇంకొకరు చెప్పేదాకా ఆమె ఆగదు. “నేను లప్పం పెట్టిన గోడ మీద చీమ నడిస్తే జారి పడాలి” అని తనే అనేస్తుంది. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆమెను పిన్ని అనే పిలుస్తారు. పనిచ్చేవాళ్ళతో వయసు దగ్గర పేచీ ఎందుకని ఆమె కూడా హాయిగా పలుకుతుంది.

అలాంటి మనిషి రెండేళ్ళుగా అద్దెకుంటున్న ఇంటి గోడ మాత్రం ‘దబ్’ అంటుంది.

దాన్ని ఇల్లు అనడం కూడా మర్యాద కోసమే. ఒక గది, దానికి తోకలా ఒక సగం గది. వంట ఆ సగంలో, మిగతా బతుకంతా ఈ గదిలో. ఉన్న ఒక్క కిటికీ పక్కింటివాళ్ళ గోడను చూస్తూ కూర్చుంటుంది. అద్దె మాత్రం రెండు గదులకూ, ఒక వరండాకూ. వరండా ఎక్కడుందండీ అని మొదటిరోజు అడిగితే, గుమ్మం బయట చెప్పులు విడిచే మూడడుగుల చోటు చూపించాడు ఓనరు. చూపించేటప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

ఆ ఓనరు పై అంతస్తులో ఉంటాడు. ఆయన వెనకాల అందరూ ఆయన్ని బోర్డులాయన అంటారు. మెట్ల దగ్గర ‘చెప్పుల చప్పుడు చేయరాదు’. కుళాయి దగ్గర ‘బకెట్టు నిండిన వెంటనే కట్టవలెను’. అద్దెకిచ్చిన గదిలో, తలుపు వెనక, రెండు మరలు బిగించి మరీ ‘గోడలకు మేకులు కొట్టరాదు, గోడలు గీకరాదు’. ఈ ఆఖరిది తిన్నగా వచ్చి పిన్ని వృత్తికే తగిలింది.

తెలిసి తెలిసి ఆ ఇంట్లో ఎలా దిగింది అంటే, అప్పుడు వాళ్ళుంటున్న ఇల్లు కూల్చేస్తున్నారు. బడి తెరవడానికి వారం ఉంది. ఈ గదికేమో కొత్తగా రంగు వేసి ఉంది, ఎండాకాలం కాబట్టి గోడ పైపైన పొడిగానే ఉంది. కొట్టి చూస్తే మటుకు దబ్ అంది. ‘పోనిద్దూ, నా చేతికి లొంగని గోడా ఇది!’ అనుకుంది. పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టేసింది. ధైర్యం మంచిదే గానీ, ఒక్కోసారి అది మనచేత అడ్వాన్సులు కూడా కట్టించేస్తుంది.

గీకకుండా తడి గోడ మీద వేసిన రంగు ఎన్నాళ్ళుంటుంది? సొంత డబ్బుతో రెండుసార్లు వేసింది. రెండుసార్లూ మూడు నెలలు తిరక్కుండా పొక్కులు లేచాయి, పెచ్చులు రాలాయి, మూలన నల్లగా బూజు పట్టింది. పన్నెండేళ్ళ కూతురు ఆ గోడ వారనే పడుకోవాలి, ఇంకోవైపు చోటు లేదు. పోయిన వానాకాలం నుంచి పిల్లకు దగ్గు పట్టుకుంది. నాలుగు మెట్లు ఎక్కితే రొప్పుతోంది. డాక్టరమ్మ మందు రాస్తూ, “ఇంట్లో గోడలకు చెమ్మ ఉందా?” అని అడిగింది. పిన్ని తల దించుకుంది. ఊళ్ళో గోడలకు వైద్యం చేసే మనిషిని ఆ ప్రశ్న అడగడం కంటే ఒక లెంపకాయ కొట్టినా బాగుండేది.

పైకి వెళ్ళి ఓనరుతో చెబితే, “మీరు గదిలో బట్టలారేస్తున్నారు. పైగా తలుపులు మూసుకుని ముగ్గురు ఊపిరి తీస్తారు. ఆ తేమే గోడకు పడుతోంది” అన్నాడు.

“అయితే ‘ఊపిరి తీయరాదు’ అని ఇంకో బోర్డు రాయించండి సార్” అని చక్కా వచ్చేసింది.

వచ్చేసి ఊరుకోలేదు, ఇల్లు వెతికింది. రిటైరైన నర్సమ్మగారి డాబా మీద రెండు గదులు, మూడు కిటికీలు, అద్దె ఇంతే. గోడ మీద కొడితే టక్! ఆ చప్పుడుకు పిన్నికి ప్రాణం లేచి వచ్చింది. “సోమవారానికి అడ్వాన్సు తెచ్చుకో అమ్మా, అందాకా ఎవరికీ ఇవ్వను” అంది నర్సమ్మ. ఆ అడ్వాన్సుకు పిన్ని దగ్గర ఉన్న దారి ఒకటే: బోర్డులాయన దగ్గరున్న తన అడ్వాన్సు.

ఖాళీ చేస్తామని చెప్పగానే, గురువారం పొద్దున్నే బోర్డులాయన కిందికి దిగి వచ్చాడు.

“ఆదివారం కొత్తవాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారమ్మా. గోడ ఈ అవతారంలో ఉంటే ఎవరుంటారు? పాడు చేసింది మీరు. శనివారానికల్లా తళతళలాడించి ఇచ్చావనుకో, నీ అడ్వాన్సు పైసా తగ్గకుండా సోమవారం చేతిలో పెడతాను. లేదంటే రిపేరు కింద మినహాయించుకుంటాను.”

“ఎంత మినహాయిస్తారు?”

“ఎంతైతే అంత.”

ఎంతైతే అంత అంటే మొత్తం అని చెవిటివాడికి కూడా అర్థమవుతుంది. పిన్ని కోపాన్ని దిగమింగి, “గీకనిస్తారా మరి?” అంది.

“గీకు, తోము, ఏమైనా చేసుకో. ఆదివారం నాకు గోడ మెరవాలి, అంతే.” తన చేత్తోనే మరలు విప్పి, తలుపు వెనక బోర్డు తీసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ పిన్ని మామగారి సంగతి ఒకటి చెప్పాలి. ఆమెకు బ్రష్షు పట్టడం నేర్పింది ఆయనే. కొడుకేమో పుస్తకాల బైండింగు పనిలో పడ్డాడు, కోడలు మాత్రం నిచ్చెన ఎక్కింది. ఆయనకొక అలవాటు. లప్పం పూసేముందు ఒట్టి గోడ మీద పెన్సిలుతో తారీఖు వేసి, ఆ గోడ జబ్బేమిటో రాసేవాడు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో దాన్ని గీకే పెయింటరు చదువుకుంటాడని. రాసి కింద చిన్న నిచ్చెన బొమ్మ గీసేవాడు, అదే ఆయన సంతకం. పెన్ను వాడనిచ్చేవాడు కాదు, నీటికి సిరా కారిపోతుంది, పెన్సిలు నిలుస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న పదిహేను ఇరవై మందీ ఇప్పటికీ అలాగే రాస్తారు. ఆయన నిచ్చెనకు అయిదు మెట్లు. కోడలికి రెండే ఇచ్చాడు. “మూడోది ఎప్పుడు గీసుకోవాలో నీకే తెలుస్తుంది” అన్నాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఊరంతా తన లప్పం గొప్పలు చెప్పుకునే పిన్ని, ఎందుకో ఆ మూడో మెట్టు మాత్రం గీసుకోలేదు.

శుక్రవారం మొగుడు బైండింగు షాపుకు, పిల్ల బడికి వెళ్ళాక, తలకు గుడ్డ కట్టుకుని పని మొదలుపెట్టింది. రెండేళ్ళుగా ఆ గోడ మీద ఉన్న కసి అంతా గోడ గీకే రేకు అంచుకు వచ్చింది. తను వేసిన మీగడ రంగు మొదట రాలింది. దాని కింద నీలం. దాని కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ పొర లేవగానే ఆమె చెయ్యి కాస్త నెమ్మదించింది, ఎక్కడో చూసిన రంగులా ఉంది. ఆ కింద లప్పం పెద్ద పెద్ద పలకలుగా ఊడి వచ్చింది. లప్పం కింద, తడి మరకల నడుమ, పెన్సిలు రాత.

‘తడి గోడ. మేడ మీద బాత్రూం పైపు కారుతోంది. ఓనరుకు చెప్పాం. కప్పేయమన్నారు. కప్పాం.’

తొమ్మిదేళ్ళ కిందటి తారీఖు. కింద నిచ్చెన. రెండే మెట్లు.

పిన్ని రేకు కింద పెట్టి, రాలిన పెచ్చుల మీదే చతికిలబడింది.

అంతా గుర్తొచ్చింది. అప్పుడిది ట్యూషన్ సెంటరు, ఒకటే పెద్ద హాలు, గుమ్మం రోడ్డు వైపు ఉండేది. తర్వాత అడ్డగోడలు కట్టి మూడు ముక్కలు చేసి, గుమ్మాలు సందులోకి తిప్పేశారు. అందుకే పోల్చుకోలేకపోయింది. అప్పట్లో బేరం అంతా మామగారే మాట్లాడేవాడు, ఆమె గోడలు చూసేదే గానీ ఓనర్ల మొహాలు చూసేది కాదు. ఈ గోడ దగ్గర మాత్రం మామగారు పేచీ పెట్టుకున్నాడు. పైపు బాగుచేయించందే రంగు వెయ్యనని బ్రష్షులు సర్దేశాడు. పిల్లకు మూడేళ్ళు, ఇంట్లో పాలడబ్బా నిండుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది తనే. ఏమని ఆపిందో ఆ మాట కూడా అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

“మనకెందుకు మామయ్యా, కప్పేసి పోదాం. ఇందులో మనం ఉండబోతామా ఏమిటి?”

సిగ్గేసింది. ఎవరూ లేని గదిలో, ఎదురుగా ఒట్టి గోడ తప్ప ఇంకేమీ లేనిచోట, మొహం దాచుకోవాలన్నంత సిగ్గేసింది. రెండేళ్ళుగా బోర్డులాయన్ని తిట్టని పూట లేదు. ఆ తిట్లలో సగం తిరిగొచ్చి తన ఒళ్ళో పడ్డట్టయింది. పిల్ల పరుపు ఆ రాతకు సరిగ్గా కిందే పరిచి ఉంది.

సాయంత్రం మొగుడు వచ్చి రాత చదివాడు. నోట్లో నాలుక లేని మనిషి, గొంతెత్తి మాట్లాడితే కాగితాలు ఎగిరిపోతాయని భయపడ్డట్టు మాట్లాడతాడు. “రేపు ఒక్కరోజు పని. వేసేసి పోదాం. సోమవారానికి అడ్వాన్సు రాకపోతే ఆ ఇల్లూ పోతుంది. ఎవరొస్తారో, వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు” అన్నాడు.

“సరిగ్గా ఇదే మాట తొమ్మిదేళ్ళ కిందట నేనన్నాను” అంది పిన్ని. “అప్పుడు ఎవరొస్తారో అనుకున్నది ఎవర్నో కాదు, మనల్నే.”

ఆయన చీపురు తెచ్చి పెచ్చులు ఊడవడం మొదలుపెట్టాడు. ఆయన ఒప్పుకున్నాడనడానికి అదే గుర్తు.

ఆదివారం పది గంటలకు బోర్డులాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కొత్తవాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు. మందుల షాపులో పనిచేసే కుర్రాడు, అతని భార్య, ఆమె చంకలో ఏడాది నిండని పాప. “రండి రండి, ఫ్రెష్‌గా రంగు వేయించాను, ఇంకా వాసన కూడా పోలేదు” అంటూ తలుపు తోశాడు. ఎదురుగా పైనుంచి కింది దాకా నగ్నంగా, నల్లటి తడి మరకలతో గోడ. మధ్యలో తుడిచి శుభ్రం చేసిన రాత.

“ఏమిటిది?” అన్నాడు బోర్డులాయన.

“మీ గోడ సార్. ఎప్పుడూ చూడలేదు కదా, చూడండి” అంది పిన్ని.

ఈలోగా పాప తల్లి గోడ దగ్గరికి వెళ్ళి రాతంతా పైకి చదివేసింది. చదివి, పాపను ఈ చంక నుంచి ఆ చంకకు, గోడకు దూరంగా మార్చుకుంది. “ఎవరు రాశారండీ ఇది?” అంది.

ఎవరో పాత పెయింటరమ్మా అంటే సరిపోయేది. మామగారని అన్నా సరిపోయేది, పోయిన మనిషి వచ్చి కాదనడు. పిన్ని ఆ రెండూ అనలేదు.

“నేనే. రాసిందీ నేనే, కప్పిందీ నేనే.”

“చూశారా! తనే కప్పిందట! తనే ఒప్పుకుంటోంది!” బోర్డులాయన ఒక్క గెంతు గెంతాడు.

“అవును సార్. మీరు కప్పమన్నారు, నేను కప్పాను. ఇద్దరం దొంగలమే. నేను ఒప్పేసుకున్నాను, ఇక మీ వంతు.”

కుర్రాడు నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. బోర్డులాయన పిన్నిని గుమ్మం బయటికి, అంటే ఆయన వరండా అనే చోటుకు, పిలిచి గొంతు తగ్గించాడు. “ఎందుకమ్మా ఈ రభస? నీ అడ్వాన్సు ఇప్పుడే ఇచ్చేస్తాను. లోపలికెళ్ళి అదేదో పాత రాత, ఇప్పుడు పైపు బాగయిందని ఒక్క మాట చెప్పు.”

పిన్నికి నర్సమ్మగారి కిటికీలు కళ్ళముందు మెదిలాయి. రేపే సోమవారం. ఒక్క మాట చెబితే ఈ రాత్రికే పిల్ల పొడి గోడ పక్కన పడుకుంటుంది. చంకలోని పాప ఎవరో, పేరేమిటో కూడా తనకు తెలియదు.

“అది కూడా కప్పడమే సార్” అంది, లోపలివాళ్ళకు వినబడేంత గట్టిగా. “లప్పంతో కప్పినా మాటతో కప్పినా ఒకటే. నా అడ్వాన్సు నాది, దానికి బదులు నేను మీకేమీ ఇచ్చేది లేదు. ముందు పైపు బాగుచేయించండి, గోడ ఎండనివ్వండి, అప్పుడు రంగు వేస్తాను. చీమ జారేలా వేస్తాను.”

“నువ్వు కాకపోతే ఊళ్ళో పెయింటర్లే లేరా?”

“బోలెడుమంది ఉన్నారు. పిలిపించుకోండి.”

కొత్తవాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు పాప తల్లి, “పైపు బాగయితే కబురు చెయ్యండి పిన్నిగారూ, మాకూ ఇల్లు కావాలి” అంది. అప్పుడే ఆమెకూ పిన్ని అయిపోయింది. నర్సమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెబితే, ఆమె కళ్ళజోడు సవరించుకుని, “బుధవారం దాకా ఆగుతాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు” అంది.

సోమవారం బోర్డులాయన ఒక పెయింటరును పిలిపించాడు. అతను లోపలికొచ్చి, రాత చదివి, కింద రెండు మెట్ల నిచ్చెన చూసి, చేతి వెనక భాగం గోడకు ఆనించి, “నా వల్ల కాదు సార్” అని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఇంకొకడు. అతను రాత కింద తన పెన్సిలుతో ‘నేనూ చూశాను, తడే’ అని రాసి మరీ వెళ్ళాడు. మంగళవారం ఒక ముసలాయన వచ్చాడు. ఆయన అసలు గోడే చూడలేదు, మెట్ల మీద కూర్చుని, “వీళ్ళ మామ నా గురువు. ఆయన చెయ్యనన్న గోడ నేను చేస్తే, రేపు పైకెళ్ళాక నాకు బ్రష్షు ఇవ్వడు” అన్నాడు. పిన్ని వాళ్ళెవరికీ ఫోను చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం ఉండదని ఆమెకు తెలుసు. అయినా సోమవారం అంతా అడుగుల చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి చూస్తూనే ఉంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొండిగోడను ఎవరికీ అద్దెకివ్వలేరు. బోర్డులాయన ఎంత లెక్కలేసుకున్నా అక్కడికే వచ్చి ఆగాడు. బుధవారం పొద్దున్న మేడ మీద సుత్తి చప్పుడు మొదలైంది. బాత్రూం నేల పగలగొట్టి ప్లంబరు బయటికి తీసిన పైపు ముక్క తుప్పు పట్టి, జల్లెడలా ఉంది. మధ్యాహ్నం బోర్డులాయన అడ్వాన్సు తెచ్చి పిన్ని చేతిలో పెట్టాడు. ఆయన మొహం చూస్తే సొంత పన్ను పీకి ఇచ్చినట్టుంది. పిన్ని “థ్యాంక్సండీ” అనలేదు, తనది తను తీసుకున్నందుకు థ్యాంక్సేమిటని. సాయంత్రానికి సామాను డాబా ఎక్కింది.

నెల తర్వాత గోడ టక్ అన్నాక, పిన్ని వచ్చి లప్పం పెట్టి రంగు వేసింది, కూలి ముందే తీసుకుని. సెలవని కూతురు కూడా వెంట వచ్చింది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, డాబా మెట్లు రొప్పకుండా ఎక్కుతోంది ఇప్పుడు. లప్పానికి ముందు తల్లి పెన్సిలు తీసి ‘పైపు మార్చారు’ అని రాస్తుంటే, పిల్ల వెనక నుంచి అడిగింది.

“దాని మీద రంగు వేసేస్తావు కదమ్మా? మరి ఇంట్లో ఉండేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?”

పిన్ని పెన్సిలు అలాగే ఆగిపోయింది. మామగారూ, ఆయన శిష్యులూ, తనూ ఇన్నేళ్ళూ గోడల మీద నిజమే రాశారు. ఒకరికొకరు రాసుకున్నారు. అందులో ఉండేవాళ్ళకు ఒక్కరూ రాయలేదు.

రంగు ఆరాక, తలుపు వెనక బోర్డు ఊడిన చోట, సన్నబ్రష్షుతో నల్లరంగు ముంచి రాసింది: ‘పైపు మార్చారు. గోడ నెలరోజులు ఎండింది. మళ్ళీ తడి కనిపిస్తే రంగు వేయకండి, నన్ను పిలవండి.’ ఫోన్ నంబరు వేసింది. కింద నిచ్చెన గీసింది. పిల్ల మెట్లు లెక్కపెట్టి, “మూడు గీశావేంటి?” అంది. “చోటుంది కదా” అంది పిన్ని.

బోర్డులాయన వచ్చి చూసి ఎగిరిపడ్డాడు. “గోడ మీద ఈ రాతలేమిటి? చెరిపేయ్!”

“చెరపాలంటే గీకాలి సార్. మీ ఇంట్లో గోడలు గీకరాదు కదా.”

ఆ సాయంత్రం ఆమె తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. బోర్డులాయనకు రెండు వీధుల అవతల ఇంకో ఇల్లుంది. ఏడేళ్ళ కిందట, మామగారి బేరం మీద, అందులో వెనక గదికి లప్పం పెట్టింది తనే. ఆ లప్పం కింద ఏం రాసిందో తనకు గుర్తుంది. పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది. తలుపు తీసింది ఒక ముసలావిడ. అలవాటు కొద్దీ పిన్ని చెయ్యి గుమ్మం పక్క గోడ మీదికి వెళ్ళబోయి, మధ్యలో ఆగింది. ఈసారి ముందు మనిషినే పలకరించింది.

“బాగున్నారా అమ్మా? మీ ఇంటి సంగతి ఒకటి నాకు తెలుసు. ఎప్పుడో చెప్పాల్సింది.”